తలకు యాభై

ఏడురోడ్ల కాడ జీపు ఎక్కేటప్పుడే నాకు తెలుసు.
బానెట్ మీద దుమ్ము, వేలితో పేరు రాసుకునేంత ఉండాది.
ఆశ్వయుజం సగం పోయినా
పాలకొండల నెత్తిన మబ్బుతునక లేదు.
అయినా తలకు యాభై ఇచ్చినా.
బావమరిది కొడుకు ఫోటో చూపించి పట్టుబట్టినాడు:
పాలతపాలా బోర్లించినట్టు తెల్లగా పడే నీళ్లు.
అది ఏ యేటి ఫోటోనో మేం అడగలేదు.

పదిమందిమి.
ప్రొద్దుటూరు బంగారంగట్లో లెక్కలు రాసే ఆయన, ఆయన భార్య,
ఐటీఐ పిల్లోళ్లు నలుగురు,
రాయచోటి నుంచి క్యారియరుతో వచ్చిన అక్కచెల్లెళ్లిద్దరు,
నేను, వాడు.
మా ముందర నబీరసూలు.
మెడలో విజిలు, చేతిలో పైపుముక్క,
పెయింటుతో గైడు అని తానే రాసుకున్న టోపీ.

సగం దావలో ఆపి తలా ఒక ప్లాస్టిక్ కవరు పంచినాడు.
"ఫోన్లు ఇందులో పెట్టుకోండి, తుంపర కొడ్తాది."
ఐటీఐ పిల్లోడొకడు కవరును ఎండకెత్తి చూసి
ఏమీ అనకుండా ఫోను లోపల పెట్టుకున్నాడు.

"ఇదే" అన్నాడు.

బండ.
దీపగూటి పైన గోడకు మసి పట్టినట్టు
పైనుంచి కిందిదాకా ఒక నల్లచార.
నీళ్లు నిలవాల్సిన గుంతలో మోకాటిలోతు ఎండ,
రెండు చిప్స్ పాకెట్లు, ఒక కప్ప.

"మూడు మట్లుగా దూకుతాది! మొదటి మట్టు అరవై అడుగులు!"
అరుస్తాండాడు.
ఆ అరుపు బండకు కొట్టుకొని
మళ్లా మా మీదికే వచ్చింది.
"ఎందుకట్లా అరుస్తావు నాయనా, ఇనపడతాండ్లా?"
రాయచోటి పెద్దామె అడిగింది.
నబీరసూలు టక్కున ఆగినాడు.
"అలవాటమ్మా. పద్నాలుగేండ్లు ఈ హోరులోనే మాట్లాడినా.
ఈడికొస్తే గొంతు దానంతటదే లేస్తాది."
అందరూ నగినారు.
నాకు నగు రాలేదు.

నేను బోరు పాయింట్లు పెడతా.
అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేన్లెంబడి నడుస్తా.
అది లేచి నిలబడిన కాడ సున్నం గీత.
పాయింటుకు రెండువేలు.
మూడించుల నీళ్లు పడితే నేను దేవుణ్ణి,
దుమ్ము లేస్తే నెల్లాళ్లు ఆ ఊరి దావ తొక్కను.
చక్రాయపేట దిక్కు ఓబుళరెడ్డి చేన్లో
ఏడు గీతలు గీసినా, ఏడూ దుమ్మే.
ఎనిమిదోదానికీ నన్నే పిలిచినాడు.
ఎందుకు పిలిచినాడో ఇప్పటికీ తెలీదు.

లేని నీళ్లను వేలు పెట్టి చూపించడం ఎంత పనో
ఆ పదిమందిలో నాకొక్కడికే తెలుసు.

ఐటీఐ పిల్లోళ్లు సగం దుడ్లు వాపసు అడిగినారు.
ఎంచి ఇచ్చేసినాడు.
ఇచ్చినాక కూడా చెప్పడం ఆపలేదు.
"రంగు ఎట్లుంటాది?" లెక్కలాయన భార్య మెల్లగా అడిగింది.
"తొలినాడు టీనీళ్లమ్మా, ఎర్రగా.
మూడోనాటికి తెలుపు తిరుగుతాది.
తొమ్మిది లోపల వస్తే ఎండ అదో, ఆ మూల తగుల్తాది..."
పైపుముక్క ఎత్తి, కొండ అంచు నుంచి
నిదానంగా కిందికి దించినాడు.
దాంతోపాటే మా గడ్డాలన్నీ
పైనుంచి కిందికి దిగినాయి.
కింది మట్టు కాడికి వచ్చేసరికి
మా పిల్లోడు ఒక అడుగు ఎనక్కి వేసినాడు,
తడుస్తానేమోనని.

నా అరచెయ్యి దురద పెట్టింది.
టెంకాయ తేలేదు, మేలయింది.

పొద్దువాటారింది. జీపులో ఒకటే మాటలు.
నబీరసూలు కవర్లు వసూలు చేసి లెక్కపెట్టుకున్నాడు.
ఒకటి తగ్గింది. మళ్లా లెక్కపెట్టినాడు.
అది నా జేబులో ఉండాది. ఇయ్యలేదు.

ఏడురోడ్ల కాడ దిగి, మేమిద్దరం బంకు ముందర నిలబడి
"రెండు టీ" అన్నా.
టీ పోసే ఆయన ఉలిక్కిపడి గలాసు కింద పెట్టినాడు.
"అంత అరుపెందుకన్నా?
నేనేమన్నా చెవిటోణ్ణా?"