బయటికి చూసే కన్ను

తుపాను వెలిసిన నాలుగో రోజు
దొడ్లో రోజాచెట్టు ముందు కొడవలి పట్టుకుని కూర్చున్నాను.
చెట్టని పేరే గాని
అది చెట్టుగా ఉండటం మానేసి మూడేళ్లయింది.
ప్రహరీ ఎక్కింది, స్నానాల తడికె మీద వాలింది,
గోడవతల మీరాంబీ వాళ్ల దండెం మీంచి
లుంగీ ఒకటి లాక్కుని తిరిగి ఇయ్యనంటా ఉంది.

కొయ్యబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డం.
"పూసే చెట్టు గదమ్మే, పాపం" అంటది కోటిరత్నం,
ఆదివారం చర్చికి పోతా పోతా రెండు తుంచుకుని.
పూస్తది, కాదన్లేదు.
ఎక్కడో కొసన, కాకులు చూసుకునేటట్టు.
కింద మాత్రం ఎండుకర్ర, చెత్త,
పగలు కూడా తెల్లారని చోటు.

దొంగ ఆ చోటు నుంచే వస్తన్నాడని నా అనుమానం.
వినాయకచవితికి పదకొండు కోళ్లు.
దీపావళికి తొమ్మిది.
నిన్న సందేళ గంప కింద చెయ్యి పెట్టి తడిమితే
ఏడు.

మాది ఇసక నేల.
గాలి మళ్లిన రాత్రి రామాయపట్నం అలలు మంచం దాకా వస్తాయి.
ఇసకలో ముంగిసకి తలుపుతో పనేముంది,
యాడ గోకితే ఆడే వాకిలి.
గద్దకని పైన వల కట్టాం,
పట్టపుపాలెంలో చిరిగిందని పారేస్తే తెచ్చింది.
వారం రోజులు కోళ్లు గద్దనీ మర్చిపోయి
ఆ వలకంటిన పొలుసులు పొడుచుకు తిన్నాయి.
బావురుపిల్లి బెదురుద్దని
మా మాలకొండయ్య రాత్రంతా బల్బు వెలిగించాడు.
ఆ వెలుతురులో అది
బరువైన పెట్టను చూసి మరీ ఏరుకుపోయింది.

కావలి నర్సరీలో పని చేసిన మా చిన్నాయన అనేవాడు:
గుడ్డిగా కొయ్యబాకమ్మా, కన్ను చూసుకో.
లోపలికి చూసే కన్ను మీద కోస్తే
కొమ్మ లోపలికే పోయి దానికదే చిక్కుపడుద్ది.
బయటికి చూసే కన్ను వెతుకు.
దాని మీద వేలెడెత్తున, వాలుగా, నీళ్లు నిలవకుండా.
కోసినాక పుండుకి కాస్త పేడ.

అట్టనే కోశాను.
ఒక్కో కొమ్మకీ తలొంచి, కన్ను వెతికి.
మోచేతుల దాకా గీతలు. రవికె చిరిగింది.
పొద్దు నడినెత్తికొచ్చేసరికి సగం చెట్టు నేల మీద,
వెలుతురు మొదటిసారి మొదట్లోకి దిగింది.
నిరుడు పోయిన గరిటె దొరికింది.
ఇంకా లోపలికి చెయ్యి పెడితే
వెచ్చగా ఏదో.

పామేమోనని వెనక్కి పడ్డాను.
కాదు. కన్ను.
నారింజరంగుది, గుండ్రంగా, బయటికి చూస్తా.

కాకిపెట్ట!
పన్నెండు రోజుల కింద నేను పిల్లి పద్దులో రాసేసిన కాకిపెట్ట.
మూడు రోజుల వానకి మా రేకులే లేచిపోతే
దాని కింద ఆకు కూడా తడవలా.
గుడ్లెన్నో చూడనియ్యలేదు, చేతిని పొడిచింది.
చుట్టూ ముళ్లకి బూడిదరంగు బొచ్చు
కుచ్చులు కుచ్చులుగా.
వచ్చినోడు వచ్చినట్టు పోలేదన్నమాట.

కొడవలి కడిగి చూరులో పెట్టేశాను.
కోసిన ముళ్లకొమ్మలు గంపల చుట్టూ పేర్చాను,
ముంగిస బొక్కలో నాలుగు గుచ్చి ఇసక తొక్కాను.
సాయంత్రం మాలకొండయ్య వచ్చి
"ఏందిది, మంగలి సగంలో లేచిపోయిన తలకాయ మాదిరి?" అన్నాడు.
చేతిలో సూది పెట్టి, నా అరచెయ్యి చాపాను.
ముళ్లు తీస్తా తీస్తా
ఎనిమిదా అయితే, అన్నాడు.

బల్బు ఈ రాత్రికి ఆర్పేశాం.

మీరాంబీ గోడ మీంచి తొంగిచూసి లుంగీ అడిగింది.
అది మిగిలిన సగంలో, పైకొమ్మకి ఊగతా ఉంది.
తొమ్మిది రోజులు ఆగమన్నాను.