విజిల్

మూడో బండి బ్యాటరీ పోయాక
కూర్మన్నపాలెంలో మా వీధికి
కాపలా పుట్టింది.
నోటుబుక్కులో గళ్ళు గీసి
పేర్లు రాసింది కుట్టుమిషను సత్యవేణి.
మంగళవారం, రెండు నుంచి నాలుగు:
నేనూ, ఎదురింటి పైడంనాయుడు గారూ.

కుళాయి దగ్గర మాట పోయి
మాకు తొమ్మిదేళ్ళు.
ఉన్నది ఒకే టార్చి, అది ఆయన చేతిలో.
విజిల్ నా మెడలో.

ఉక్కు ఫ్యాక్టరీ వైపు ఆకాశం
కాసేపు ఎర్రబడి
మళ్ళీ బూడిదయింది.
కుక్కలకి మొదటి దొంగలం మేమే.

రెండున్నరకి సందు మలుపులో
ఒక నీడ, భుజాన సంచి.
"ఎవుల్రా అది!"
నేను ఊదేశాను.
నాలుగు కిటికీలు వెలిగాయి.

కళ్ళు చిట్లించుకుంటూ కుర్రాడు
సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి చూపించాడు.
"బి షిఫ్టండి. ఓవర్‌టైము పడింది.
మీ వెనక మేడమీద గదిలోనే ఉంటాను,
నాలుగేళ్ళ నుంచి."

టార్చి నేలకి దిగింది.

"పేరేటి బాబూ?"
"ఢిల్లేశ్వర్రావు."

రాసుకుందామంటే
ఇద్దరి జేబుల్లోనూ పెన్ను లేదు.
మరిచిపోతామేమోనని
ఆయనొకసారి, నేనొకసారి
పైకే అనుకుంటూ
వీధి చివరిదాకా నడిచాం.