వచ్చిన పని

హత్యలు మీకు ఎక్కడ దొరుకుతాయి అని
మదనపల్లె నుంచి ఒకాయన కార్డు రాశాడు.
కార్డు అంచున పసుపు మరక.
ప్రశ్న కంటే ముందు ఆ మరకనే చదివాను.
పెళ్ళిపనుల మధ్య కూర్చొని రాసుంటాడు,
లేదంటే దెబ్బ తగిలిన వేలితో.

చదవడం నాకు అట్లా అలవాటైంది.

తిరపతి రైల్వే స్టేషనుకు ఎదురు సందులో
వకుళా లాడ్జి. నైట్ డ్యూటీ. ఇరవై ఆరేళ్ళు.
పొడుగాటి రిజిస్టరులో పేరు, ఊరు, వయసు, ఎంతమంది,
చివరి గడి: వచ్చిన పని.
దర్శనం. దర్శనం. కిందంతా డిట్టో గీతలు.
అప్పు ఎగ్గొట్టి వచ్చినోడిదీ దర్శనమే,
ఇంట్లో చెప్పకుండా వచ్చిన జంటదీ,
పెద్దాస్పత్రికి భార్యను తెచ్చిన మేస్త్రీదీ.
అబద్ధం కాదది, సగం నిజం.
సగం నిజం చాలు నాకు, నూటఅరవై పేజీలకు.

మద్రాసు బస్సుల జనం సద్దుమణిగాక
సొరుగులోంచి పుస్తకం తీసేవాణ్ణి.
గాంధీరోడ్డు అద్దె షాపుది, రోజుకు ముప్పావలా.
ముందు చివరి పేజీ.
హంతకుడెవరో తెలుసుకొని, అప్పుడు మొదటికొచ్చి
వాడు కాఫీ తాగుతుంటే, గొడుగు మడుస్తుంటే,
అందరితోపాటు అయ్యో అంటుంటే
చూస్తా కూచునేవాణ్ణి.
తెలిసి చూడటంలో ఒక జాలి ఉంది.
దానికి పేరు ఇప్పటికీ దొరకలేదు.

ముందు చదివినోళ్ళ పెన్సిలు గీతలూ వదిలేవాణ్ణి కాదు.
ఎవరో ప్రతి పుస్తకంలోనూ
విషాల పేర్ల కింద మాత్రమే గీత గీసేవారు.
ఎవరని షాపాయన్ని రెండుసార్లు అడిగాను.
మూడోసారి అడగడానికి భయమేసింది.

ఇక ఇది చెప్పాలి.
నా నవలల్లో ఆ పొడుగాటి మనిషి, బూడిదరంగు కోటు,
గుమ్మంలో నిలబడే అంతా చెప్పేస్తాడే,
ఆయనకు కోటు నేను కుట్టించాను. చూపు నాది కాదు.
చెంగమ్మది. రూములు ఊడ్చే చెంగమ్మది.
"తొమ్మిదో నంబరాయన కొండకు పోలే సా.
బకెట్టు తడవలే. తలకి నీళ్ళు పోసుకోకుండా ఎవురు పోతారు?
దిండు మాత్రం ఒకపక్క తడిసుండాది."
అక్షరం రాదామెకు.
నేను మూడు అధ్యాయాలు లాగేది
చీపురు గోడకానించి మూడు మాటల్లో తేల్చి
మెట్లు దిగిపోయేది.
ఒక్క పుస్తకమూ ఆమెకు అంకితమివ్వలేదు.
ఇవ్వకూడదని కాదు. తట్టలేదు.

ఒక ఆడికృత్తిక రద్దీలో, పద్నాలుగో నంబరుకు వచ్చినాయన
చివరి గడిలో రాశాడు: ఊరకే.
గుండ్రటి అక్షరాలు, తొందర లేకుండా.
తెల్లారి అద్దె చిల్లరతో సహా బల్లమీద పెట్టి పోయాడు.
గదిలో ఒక డిటెక్టివు నవల మిగిలింది,
నూటపన్నెండో పేజీలో పాకాల బస్సు టికెట్టు.
చెంగమ్మను పిలిచాను.
గది మధ్యలో చాలాసేపు నిలబడింది.
"ఏమీ లేదు సా. ఊరకే వచ్చినాడు."

పదకొండు నవలలు రాశాను ఆ మనిషి మీద.
ఒకదాంట్లో చంపాను, నాలుగింట్లో చంపించాను,
ఒకదాంట్లో పోలీసును చేశాను.
ఏదీ కుదరలేదు. అమ్ముడుపోయాయి, అది వేరే సంగతి.

ఆ పుస్తకం నా దగ్గరే ఉంది.
చివరి పేజీతో మొదలుపెట్టే నేను
దాన్నొక్కదాన్నే మొదటినుంచి చదువుతాను, ఏడాదికోసారి,
నూటపన్నెండు రాగానే టికెట్టు పెట్టి మూసేస్తాను.
హంతకుడెవరో తొంభయ్యో పేజీకే తెలిసిపోతుంది.
రాసినాయనకు దాచడం రాదు.
చదివినాయన అక్కడెందుకు ఆగాడన్నదే
నాకు అందనిది.

మదనపల్లె ఆయనకు జవాబు రాయాలి.
కార్డును ట్యూబులైటు కిందికి జరిపి
మరకను మళ్ళీ చూస్తున్నాను.
చెంగమ్మ పోయి నాలుగేళ్ళు.
ఉంటే ముక్కు దగ్గర పెట్టుకొని అనేది కదా,
"పసుపు కాదు సా. పప్పు.
అన్నం తింటా రాసినాడు."