వద్దన్న వాళ్ళ గది

నలభై ఒక్క చీటీలు ఇంటికెళ్ళాయి సోమవారం.
శరీరం గురించీ, జాగ్రత్తల గురించీ
మీ పిల్లలకు చెప్పడం మీకు సమ్మతమేనా?
అవును, కాదు. రెండు గళ్ళు.
కింద సంతకానికో గీత.

శుక్రవారానికి ముప్పై ఎనిమిది తిరిగొచ్చాయి.
జ్ఞానాపురంలో ఏ కాగితమూ తెల్లగా తిరిగిరాదు.
పోర్టు బొగ్గుపొడి కిటికీల మీద వాలినట్టే
సంతకాల మీదా వాలుతుంది.
ఒకదానికి చేప పొలుసు అంటుకుని మెరిసింది.
ఒకదాంట్లో రెండు గళ్ళలోనూ టిక్కు,
అమ్మదొకటి, నాన్నదొకటి, వేర్వేరు పెన్నులు.
ఇంకో చీటీ వెనక పెన్సిలుతో:
"చెప్పండి గానీ మా అత్తగారికి తెలియనివ్వకండి."

మీటింగులో గరికిన ఎల్లాజీ లేచాడు,
కూతురి వాటర్ బాటిల్ మెడకి తగిలించుకునే.
"తొమ్మిదేళ్ళ గుంటలకి ఇయ్యన్నీ ఏటి మేడమ్?
మా పిల్లకి మేం సెప్పుకోలేమా?"
"ఎప్పుడు?"
వెనక బెంచీ నుంచి నూకరత్నం.
హార్బర్లో రొయ్యలొలిచి, ఐసుకి పగిలిన చేతులు.
"మా యమ్మా అలాగే అంది, సెప్తానని.
రగతం కనిపించిన్నాడు
సచ్చిపోతన్నాననుకోని
తిరగేసిన తెప్ప సాటున
సీకటి పడీదాకా కూకున్నాను."

ఎవరూ నవ్వలేదు.
ఎల్లాజీ కూర్చోనూ లేదు.
బాటిల్ మూత తిప్పుతూ నిలబడ్డాడు చాలాసేపు.
హెడ్మాస్టరు కోదండం గారు
ఇష్టమున్నవాళ్ళకే, ఇష్టమున్నవాళ్ళకే అని రెండుసార్లన్నారు.
"శరీరం" అనాల్సి వచ్చినప్పుడల్లా
గోడ గడియారంకేసి చూశారు.

అవునన్న ఇరవై ఏడుగురికి మేడ మీద గది,
ఆసుపత్రి నుంచొచ్చిన దమయంతి సిస్టరు.
కాదన్న పదిమందికీ, చీటీ తేని ముగ్గురికీ
కింద గది, చేతిరాత, నేను.
రెండు టిక్కుల రోజ్లిన్ ఎటూ వెళ్ళలేక
మెట్ల మధ్యలో కూర్చుంది.
పొమ్మని గానీ రమ్మని గానీ
ఎవరం అనలేదు.

పైనుంచి ముందు కిసకిసలు.
తర్వాత పెద్ద నవ్వు.
తర్వాత ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడానికే మా పిల్లలు తలలెత్తారు.

తెలుగు టీచర్ని నేను.
దేహం, కాయం, తనువు, మేను:
పర్యాయపదాలు పదిసార్లు రాయించగలను.
అంతకు మించి ఒక్క మాటకీ
నా సొరుగులో సంతకం లేదు.

"టీచర్, పైన ఏం చెప్తున్నారు?"
"మీ ఇంట్లో చెప్తారమ్మా."
"ఎప్పుడు?"
అడిగింది ఎల్లాజీ కూతురు హేమలత.
ఆ మీటింగుకి పిల్లల్ని రానివ్వలేదు మేము.
అయినా అదే మాట, అదే విరుపు.

గాలాడటం లేదని తలుపు తెరిచాను.
గాలి బాగానే ఆడుతోంది, నాకు తెలుసు.
మేడ మీది గొంతు మెట్టు మెట్టూ దిగి
రోజ్లిన్ దగ్గర కాసేపాగి
మా గడప దాకా వచ్చింది.
"మీ ఒళ్ళు మీది. ఎవరైనా..."

సరిగ్గా అప్పుడే బొగ్గు రైలు.
పిల్లలు అలవాటుగా లెక్కపెట్టారు.
యాభై ఎనిమిది వ్యాగన్లు.
ఆఖరిది దాటేసరికి
బెల్లు కొట్టేశారు.

అందరూ అన్నాలకి పరిగెత్తారు.
జోజి వెళ్ళలేదు.
చీటీ తేని ముగ్గురిలో ఒకడు,
భుజమ్మీద ఎవరు చెయ్యేసినా
చటుక్కున పక్కకి జరిగేవాడు.
ఏడాదిగా చూస్తున్నాను ఆ జరగడం.
సిగ్గు అనుకున్నాను.
అలా అనుకోవడం తేలిక.

నా బల్లకి ఆ పక్కన నిలబడి
నేలకేసి చూస్తూ అడిగాడు:
"టీచర్, ఇంకో చీటీ ఉందా?
మా నాన్నమ్మ యేలిముద్ర వేస్తాది."

సొరుగులో ఒకటే మిగిలింది, అడుగున.
బొగ్గుపొడి పోతుందని
చీరకొంగుతో తుడిచి ఇచ్చాను.
ఇంకా నల్లగా అయింది.
వాడు జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి
చొక్కా లోపల దాచుకున్నాడు.