తొమ్మిదోది

మెంఫిస్‌లో టైర్ల కొట్టు వెనక స్టూడియో.
ఫ్రిజ్ తలుపు మీద పంతొమ్మిది చీటీలు,
ఒక్కోటీ ఒక పాట.

వెర్నెటా కళ్లజోడు నెత్తికెక్కించి
పీకుతోంది, అంటిస్తోంది.
రేడియోకని దాచుకున్న పాటని
చెత్తబుట్టలో వేసింది.
ఒడెల్ నోట మాట లేదు.

జన్మలో ఒక్క లైనూ ర్యాప్ చెయ్యలేదామె.
ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ అని
అట్ట వెనక చిన్నక్షరాలు, అంతే.

"తమ్ముడు పోయిన పాట చివర్న వద్దు.
చివర్నుంటే అందరూ సిద్ధపడి ఏడుస్తారు.
తొమ్మిదోది చెయ్యి.
పార్టీ పాట అయీ అవగానే,
చేతిలో గ్లాసుండగానే తెలియాలి,
నీకు తెలిసినట్టే."

ఆ రాత్రి ఫోనెలా వచ్చిందో
వాడామెకి ఎప్పుడూ చెప్పలేదు.

రెండు పాటల మధ్య
నాలుగు సెకన్ల నిశ్శబ్దం పెట్టాను నేను.
ఆమె విని, ఒకటి తీసేసింది.