మిగులు

ఫైర్ స్టేషన్ హాల్లో మడత కుర్చీలు చాలలేదు.
వెనక నిలబడ్డవాళ్లు ఫైరింజన్ చక్రానికి ఆనుకున్నారు.
హాజరు కాగితంలో పేరు పక్కన
"ఎవరి తరఫున?" అని ఒక గడి.
ఇరవై తొమ్మిదేళ్లుగా డెల్‌వార్ట్ మురుగు తరఫున
అని రాయబోయి, ఉద్యోగి అని రాశాను.

ఏడో అంశం:
ప్రూయిట్ గుమ్మడి పొలం, పదకొండు ఎకరాలు,
వ్యవసాయం నుంచి వాణిజ్యానికి.
మ్యాపులో పచ్చరంగు తీసి ఎర్రరంగు పూస్తారు.
రంగుకి వాసనుండదు.

ముందు ట్రాఫిక్ గురించి మాట్లాడారు,
తర్వాత రాత్రంతా వెలిగే దీపాల గురించి,
ఒకాయన పదిహేను నిమిషాలు గబ్బిలాల గురించి.
హెస్టర్ లాంగకర్ తన బావి నీళ్లు సీసాలో తెచ్చి
బోర్డు ముందు పెట్టింది.
ఎవరూ ముట్టకపోతే తనే మూత తీసి
సగం తాగి వచ్చి కూర్చుంది.

ఆల్విన్ ప్రూయిట్ టోపీని చేతుల్లో తిప్పుతూ
"పొలం అందరికీ కావాలి,
నా మోకాళ్లే ఎవరికీ అక్కర్లేదు" అన్నాడు.
దానికి జవాబు జోనింగ్ చట్టంలో లేదు.

అప్పుడు కంపెనీ లాయరు లేచాడు, సన్నగా, మర్యాదగా.
గబ్బిలాలు సరే, దీపాలు సరే,
మీ ప్లాంటులో మాకు చోటుందా లేదా?

హాలంతా నా వైపు తిరిగింది.
అన్ని ముఖాలు ఒకేసారి నన్ను చూడటం
మా నాన్నని సాగనంపిన రోజు తర్వాత ఇదే.

నాకు ఈ ఊరు కింది నుంచి తెలుసు.
ఫుట్‌బాల్ ఆటలో విరామం వస్తే
మీటరు ముల్లు ఎగిరి పడుతుంది.
గాజు ఫ్యాక్టరీ మూసేసిన వారం
పొద్దున ఆరింటి పోటు రాలేదు.
ముల్లు పడుకుంది, మళ్లీ లేవలేదు.
ఆ కాగితం చుట్ట దాచుకున్నాను, ఎందుకో.

రోజుకి రెండు లక్షల గ్యాలన్ల ప్లాంటు.
ఎండ కాసిన రోజు మిగులు ముప్పై వేలు.
వాన పడ్డ రోజు మిగులు లేదు.
చర్చి వీధి కింద తాతల నాటి మట్టిగొట్టాలు
అతుకు అతుకునా నోరు తెరిచి
వానని తాగి నాకు పంపుతాయి.
మబ్బులోంచి పడ్డ నీళ్లని
డబ్బు పోసి కడుగుతున్నాం మేం.

గొట్టాలు మార్చాలన్నాను, పదకొండేళ్ల కిందట.
ఇంటికి నెలకి నాలుగు డాలర్లు.
ఆ రాత్రి కూడా ఇవే కుర్చీలు, ఇవే ముఖాలు.
హెస్టర్ మాత్రం రాలేదు.
"మురుక్కి ముస్తాబా?" అన్నారెవరో,
నేనూ నవ్వాను, మర్యాదకి.
తిలాపాపం తలా పిడికెడు.

ముప్పై వేలంటే దుకాణాలొస్తాయి.
సున్నా అంటే గుమ్మళ్లుంటాయి.
రెండూ నా పుస్తకంలో ఉన్న అంకెలే,
రెంటి కిందా నా సంతకమే.
ఒకటి చెప్పి కూర్చోవచ్చు. అడిగేవాడు లేడు.

"ఎండలో ముప్పై వేలు" అన్నాను.
అధ్యక్షురాలు డన్‌లీవీ కళ్లద్దాలు తీసింది.
"మిస్టర్ వాస్కో, కిందటేడు వాన ఎన్ని రోజులు?"
"నూట నలభై ఆరు."

తర్వాతంతా కాగితం భాష.
చర్చి వీధి గొట్టాలు కంపెనీ ఖర్చుతో మార్చాలి,
అది తేలాకే పునాది.
మూడుకి రెండు ఓట్లు.
లాయరు నాకు చెయ్యిచ్చాడు, అది మంచిది కాలేదు,
అందరూ చూశారు.
ఆల్విన్ చూడలేదు. వాడింకా టోపీ తిప్పుతున్నాడు.

పదకొండింటికి ప్లాంటుకొచ్చి లైటేశాను.
ముల్లు లేస్తోంది. ఇళ్లకి చేరినట్టున్నారు,
చెయ్యెత్తినవాళ్లూ, ఎత్తనివాళ్లూ,
గబ్బిలాల ఆయన కూడా.
లాంగకర్ ఇల్లు మా లైన్లో లేదు.
బావి ఆవిడదే, సెప్టిక్ ట్యాంకూ ఆవిడదే.
ఆవిడ ఇల్లు చేరిందో లేదో
నాకు తెలిసే దారి లేదు.