నడుమెత్తు

వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్.
ఇరవై రెండు వేలు, పది నెలల అడ్వాన్స్.
"ఒక్క రూపాయి తగ్గదు" అన్నాడు కన్నియప్పన్
తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుతూ.

నేను బేరమాడలేదు.
గోడకి చెయ్యి ఆనించానంతే.
నా నడుము దాకా కొత్త పెయింటు,
ఆ పైన వెలిసిన పసుపు.

గుత్తి ఆగింది.
"ఏ ఏడు?" అన్నాను.
"రెండుసార్లు" అన్నాడు.

ఇరవై. పందొమ్మిదిన్నర. ఆరు నెలలే అడ్వాన్స్.
వద్దంటున్నా కాఫీ తెప్పించాడు, పాపం.

గెలిచినట్టే ఉంది.
సామాను దింపేవాళ్లు అడుగుతున్నారు,
బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలని,
సర్టిఫికెట్ల పెట్టె ఎక్కడని.
అటక మీద. అటక మీద. అదీ అటక మీదే.

కింద
నేనూ, చాపా,
తగ్గిన రెండున్నర వేలూ.